పాత ఫొటోషాప్, కొత్త విండోస్: షాదీ ఆల్బమ్ ఫైళ్లు మళ్లీ తెరవాలంటే

కొత్తపట్నంలో మా మామూది చిన్న ఫొటో స్టూడియో. సముద్రం గాలి ఎప్పుడూ తగిలే ఊరు కాబట్టి అక్కడ ఇనుప వస్తువు ఏదీ ఎక్కువ కాలం ఉండదు. కిటికీ ఊచలు, సైకిల్ చైను, చివరికి కంప్యూటర్ లోపలి బోర్డు కూడా తుప్పు పట్టిపోతాయి. పోయిన చలికాలంలో మామూ పాత కంప్యూటర్ ఓ రోజు స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగి ఆగిపోయింది. ఒంగోలు వెళ్లి కొత్తది తెచ్చుకున్నాడు. అందులో విండోస్ 11 ఉంది. మామూకి వచ్చింది మాత్రం ఫొటోషాప్ సెవెన్ ఒక్కటే. ఇరవై ఏళ్లుగా వేళ్లకి అలవాటైన పని. అది కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోలేదు.

ఇది ఒక్క స్టూడియో ఇబ్బంది అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. అదే వారం మా ఖాలా ఫోన్ చేసింది. ఖాలూ పోయి నలభై రోజులు దాటింది. 2007లో వాళ్ల అమ్మాయి నికాహ్‌లో తీసిన ఖాలూ ఫొటో ఒకటి ఉంది, పెళ్లికొడుకు భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్నది. ఆయన నవ్వుతూ దొరికిన ఫొటో అదొక్కటే. ఆల్బమ్‌లో ఆ పేజీ చెమ్మకి పక్క పేజీతో అతుక్కుపోయింది. విడదీస్తే రంగు లేచి వస్తోంది. "నీ దగ్గర కంప్యూటర్‌లో ఉందిగా భాయ్, ఇంకోటి తీసివ్వు" అంది మామూతో. ఉంది. కానీ కెమెరా ఫొటోలు కాదు. అప్పట్లో 80 జీబీ డిస్కు నిండిపోయిందని మామూ ఒరిజినల్స్ ఎప్పుడో తీసేశాడు. మిగిలింది ఆల్బమ్ డిజైన్ చేసిన పీఎస్‌డీ ఫైళ్లు మాత్రమే.

మన ఊళ్లలో 2002 నుంచి 2015 దాకా జరిగిన పెళ్లిళ్ల ఫొటోలు చాలావరకు ఇలాంటి ఫైళ్లలోనే ఉండి ఉంటాయి. మీ ఇంట్లో కాకపోతే మీ ఫొటోగ్రాఫర్ దగ్గర. అందుకే మేం ఏం చేశామో, ఎందుకు చేశామో వివరంగా చెబుతున్నాను.

ముందు డిస్కు, తర్వాతే సాఫ్ట్‌వేర్

కంప్యూటర్ పోయిందంటే ఫైళ్లు పోయాయని కాదు. బోర్డు కాలిపోయినా హార్డ్ డిస్కు బాగానే ఉండొచ్చు. దాన్ని విప్పి, యూఎస్‌బీ అడాప్టర్ ద్వారా కొత్త కంప్యూటర్‌కి తగిలించాలి. ఒక విషయం చూసుకోండి. బాగా పాత డిస్కులకు వెనక వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది, దాన్ని ఐడీఈ అంటారు. తర్వాత వచ్చినవి సాటా, సన్నటి కేబుల్. అడాప్టర్ కొనేటప్పుడు ఏది కావాలో చెప్పాలి, రెండూ ఉన్నది దొరికితే ఇంకా మంచిది.

తగిలించగానే విండోస్ ఒక్కోసారి "ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని అడుగుతుంది. చేయొద్దు. క్యాన్సిల్ నొక్కి తెలిసినవాళ్లకు చూపించండి. "ఈ ఫోల్డర్ తెరిచేందుకు అనుమతి లేదు" అంటే మాత్రం భయపడక్కర్లేదు. పాత కంప్యూటర్ యూజర్ పేరుతో తాళం వేసినట్టు అది. కంటిన్యూ నొక్కితే చాలాసార్లు తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక అసలు ఫైళ్ల మీద ఏ పనీ చేయకూడదు. మొత్తం ఫోల్డర్‌ని కొత్త డిస్కులోకి కాపీ చేసి, ఆ కాపీ మీదే పని చేయాలి. మేం ముందు చేసింది అదే. ఒక రాత్రంతా పట్టింది.

కాపీని డీ డ్రైవ్‌లో పెట్టమన్నాను మామూని. కొత్త విండోస్‌లో డెస్క్‌టాప్, పిక్చర్స్ ఫోల్డర్లు మనకు తెలియకుండానే వన్‌డ్రైవ్ అనే ఇంటర్నెట్ గోదాములోకి వెళ్లేలా సెట్ అయి ఉండొచ్చు. ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీ. నాలుగు పెళ్లిళ్ల ఆల్బమ్‌లకే నిండిపోతుంది.

పాతది కొత్తదానిలో ఎందుకు నడవదు

మా తాతల కాలంలో మిరపకాయలు మణుగులు, వీశెల్లో తూచేవాళ్లు. తర్వాత కిలోలు వచ్చాయి. మా నాన్న తరానికి రెండూ తెలుసు, మణుగు అంటే ఎన్ని కిలోలో లెక్క కట్టి చెప్పేవాళ్లు. నా తరం వాడికి మణుగు అంటే అర్థమే కాదు. విండోస్ పరిస్థితి కూడా ఇదే. 1990ల మొదటి ప్రోగ్రాములు 16 బిట్ లెక్కలో రాశారు. ఆ తర్వాతవి 32 బిట్. ఇప్పటివి 64 బిట్. విండోస్ 11 పూర్తిగా 64 బిట్. 32 బిట్ ప్రోగ్రాము వస్తే లోపల ఒక దుబాసీని పెట్టుకుని నడిపిస్తుంది. 16 బిట్ వస్తే "ఈ యాప్ మీ పీసీలో నడవదు" అని మొహం మీదే చెప్పేస్తుంది. ఇక కాంపాటిబిలిటీ సెట్టింగులు ఎన్ని మార్చినా అది లేవదు.

ఇందులో ఒక మెలిక ఉంది. కొన్ని పాత సీడీల్లో ప్రోగ్రాము 32 బిట్టే, కానీ దాన్ని ఎక్కించే సెటప్ మాత్రం 16 బిట్. స్కానర్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఫొటో ప్రోగ్రాములు, గ్రీటింగ్ కార్డుల సీడీలు కొన్ని ఈ బాపతు. గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

ఫొటోషాప్ సెవెన్ అదృష్టం కొద్దీ ఆ బాపతు కాదు. అది 2002లో వచ్చింది. ప్రోగ్రాము 32 బిట్. ఇంకో మంచి విషయం, దానికి ఇంటర్నెట్ ద్వారా యాక్టివేషన్ అవసరం లేదు, డిస్కు మీద ఉన్న సీరియల్ నంబరు చాలు. 2003లో వచ్చిన ఫొటోషాప్ సీఎస్ నుంచి విండోస్‌లో యాక్టివేషన్ మొదలైంది. సీఎస్2, సీఎస్3 యాక్టివేషన్ సర్వర్లను అడోబ్ తర్వాత ఆపేసింది. కాబట్టి డబ్బు పెట్టి సీఎస్3 కొన్నవాడు ఈరోజు ఒరిజినల్ డిస్కు చేతిలో ఉన్నా కొత్తగా ఎక్కించుకోలేడు. సెవెన్ కొన్నవాడు ఎక్కించుకోగలడు. ముసలిదే గట్టిదని తేలింది.

ఇక్కడ దొంగ కాపీల గురించి కూడా చెప్పుకోవాలి. మన ఊళ్ల స్టూడియోల్లో ఎంతమంది దగ్గర అసలు డిస్కు ఉందో అందరికీ తెలిసిందే. హలాలా కాదా అన్నది మీరే తేల్చుకోండి. నేను చెప్పేది వేరే ప్రమాదం. "ఫొటోషాప్ సెవెన్ ఫ్రీ" అని వెతికితే వచ్చే సైట్లలో క్రాక్ పేరుతో ఇచ్చే ఫైళ్లలో వైరస్‌లు దాగి ఉంటాయి. స్టూడియో కంప్యూటర్‌లో ఏముంటాయి? ఊళ్లో ప్రతి ఇంటి ఆడవాళ్ల ఫొటోలు. మెహందీ, రుఖ్సత్, జనానాలో తీసినవి. మనల్ని నమ్మి ఇచ్చినవి. అవి ఎవడి చేతికో పోతే తర్వాత ఏం చెప్పినా లాభం లేదు. మామూ దగ్గర 2004లో ఒంగోలులో కొన్న అసలు డిస్కు, పెట్టె మూత మీద నంబరుతో సహా, బీరువాలో ఉంది. దాన్ని దాచినందుకు ఆయనకి సలాం.

ఎక్కించిన తీరు

కొత్త కంప్యూటర్‌కి సీడీ డ్రైవ్ లేదు. వేరే చోట డిస్కులో ఉన్నదంతా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకొచ్చాం. సెటప్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో కాంపాటిబిలిటీ అనే చోట విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఎంచుకుని, కిందున్న "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" దగ్గర టిక్ పెట్టాం. ఎక్కించే చోటు అడిగినప్పుడు ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ వద్దని చెప్పి, డీ డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ ఇచ్చాం. దీనికి కారణం ఉంది. ఎక్స్‌పీ రోజుల్లో ప్రోగ్రాములు తమకు నచ్చిన చోట రాసుకునేవి, ఎవరూ అడిగేవాళ్లు కాదు. 2007లో విస్టా వచ్చినప్పటి నుంచి విండోస్ కాపలా పెట్టింది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో, సీ డ్రైవ్ మొదట్లో అనుమతి లేకుండా రాయనివ్వదు. పాత ప్రోగ్రాముకు ఈ సంగతి తెలియక బిక్కమొహం వేస్తుంది.

సెటప్ బాగానే అయింది. తెరిస్తే మాత్రం "స్క్రాచ్ ఫైలు తెరవలేకపోతున్నాం, ఫైలు లాక్ అయి ఉంది" అన్న అర్థంలో ఎర్రర్ వచ్చి మూసుకుపోయింది. మామూ మొదటి రోజు ఆగిపోయింది ఇక్కడే. స్క్రాచ్ అంటే ఫొటోషాప్ పని చేసేటప్పుడు డిస్కు మీద వాడుకునే చిత్తు కాగితం లాంటిది. అది రాసుకునే చోటు దానికి దొరకలేదు, అంతే. ఐకాన్‌కి కూడా అడ్మినిస్ట్రేటర్ టిక్ పెట్టి, డబుల్ క్లిక్ చేసిన వెంటనే కంట్రోల్, ఆల్ట్ రెండూ కలిపి నొక్కి పట్టుకున్నాం. స్క్రాచ్ డిస్కు ఏది కావాలని అడిగే చిన్న పెట్టె వచ్చింది. డీ డ్రైవ్ ఇచ్చాం. ఫొటోషాప్ తెరుచుకుంది. ఆ నీలం కన్ను బొమ్మ తెర మీద కనబడగానే మామూ కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

ఇలా చేసినా మొండికేస్తే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ నొక్కి పట్టుకుని తెరవండి. సెట్టింగ్స్ ఫైలు తీసేయమంటారా అని అడుగుతుంది, సరే అనండి. మీ ఫొటోలకు ఏమీ కాదు, పాడైన సెట్టింగులే పోతాయి.

అక్షరాలు చీమల్లా కనిపించడం రెండో సమస్య. కొత్త మానిటర్లలో చుక్కలు చాలా దగ్గరగా ఉంటాయి, పాత ప్రోగ్రాముకు ఆ లెక్క తెలియదు. అదే కాంపాటిబిలిటీ పేజీలో "ఛేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్" నొక్కి, అడుగున టిక్ పెట్టి, "సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్" ఎంచుకుంటే మెనూలు పెద్దవవుతాయి. కొంచెం మసకగా ఉంటాయి కానీ, మామూ వయసుకి మసక నయం, చీమలు కాదు.

జ్ఞాపకశక్తి విషయంలో ఆశ పెట్టుకోవద్దు. కంప్యూటర్‌లో 16 జీబీ ర్యామ్ ఉన్నా సెవెన్ వాడుకోగలిగేది 2 జీబీ లోపే. 12 బై 36 అంగుళాల కరిజ్మా షీటు 300 డీపీఐలో అంటే 10,800 బై 3,600 చుక్కలు, ఒక్క లేయరే దాదాపు 117 ఎంబీ. ఇరవై లేయర్లుంటే అది చిత్తు కాగితం మీద రాసుకుంటూ మెల్లగా కదులుతుంది. కంగారు పడి మౌస్ నొక్కుతూ ఉండకండి.

తెలుగు చెదిరింది, ఉర్దూ నిలిచింది

మొదటి ఆల్బమ్ షీటు తెరవగానే సెవెన్ ఒక ప్రశ్న వేసింది, టెక్స్ట్ లేయర్లను అప్‌డేట్ చేయమంటారా అని. ఇక్కడ తొందరపడి అప్‌డేట్ అనకండి. "నో" అనండి. కొత్త కంప్యూటర్‌లో అను ఫాంట్లు ఇంకా లేవు. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఫైలు లోపల ఉన్నవి అసలుకు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. వాటికి తెలుగు ముఖం తొడిగేది ఆ ఫాంటు. ఫాంటు లేకుండా అప్‌డేట్ చేస్తే పెళ్లికూతురు పేరు ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు వస్తాయి. నో అంటే పాత రూపమే బొమ్మలా కనబడుతుంది. మేం తెలియక ఒక షీటులో సరే అన్నాం, అందుకే కాపీ మీద పని చేయమన్నది.

అదే షీటులో ఉర్దూలో రాసిన పేర్లు మాత్రం చెక్కు చెదరలేదు. విచిత్రంగా ఉంది కదా? కారణం మన పాత ఇబ్బందే. మామూలు ఫొటోషాప్ సెవెన్‌కి కుడి నుంచి ఎడమకి రాయడం రాదు. కాబట్టి షాదీ రుక్కా గానీ ఆల్బమ్ పేరు గానీ ఇన్‌పేజ్‌లో నస్తాలిక్‌లో కొట్టించి, ఆ పేజీని బొమ్మగా తీసి ఫొటోషాప్‌లో అతికించేవాళ్లు. బొమ్మకి ఫాంటు అక్కర్లేదు. అందుకే బతికింది. అయితే ఇన్‌పేజ్ పాత ఫైళ్లు మీ దగ్గరుంటే వాటిని ఇన్‌పేజ్ మాత్రమే తెరుస్తుందని గుర్తుంచుకోండి. అది నడుస్తున్నప్పుడే ప్రతిదానికీ ఒక పీడీఎఫ్ తీసి పెట్టుకోవడం మేలు.

అను ఫాంట్లు ఎక్కించేటప్పుడు రెండు చోట్ల దెబ్బ తింటారు. ఫాంటు మీద రైట్ క్లిక్ చేసి ఉత్త "ఇన్‌స్టాల్" అంటే కొత్త విండోస్ దాన్ని మీ ఒక్కరి ఖాతాలోనే పెడుతుంది, పాత ప్రోగ్రాముల్లో కొన్నింటికి అది కనబడదు. "ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్" అనాలి. రెండోది మమ్మల్ని ఒక పూట ఏడిపించింది. అను స్క్రిప్ట్ మేనేజర్ నోట్‌ప్యాడ్‌లో బాగానే టైపు చేస్తోంది, ఫొటోషాప్‌లోకి వెళ్తే ఇంగ్లిషే పడుతోంది. ఫొటోషాప్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడుపుతున్నాం, అనుని మామూలుగా నడుపుతున్నాం. చిన్న హోదాలో ఉన్న ప్రోగ్రాము పెద్ద హోదాలో ఉన్నదాని కీబోర్డులో వేలు పెట్టకుండా విండోస్ అడ్డుకుంటుంది. అనుకి కూడా అదే టిక్ పెట్టగానే తెలుగు పడింది.

కొత్తగా చేసే డిజైన్లకు మాత్రం యూనికోడ్ వైపు వెళ్లమనే నా సలహా. సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి ఫాంట్లు ఉన్నాయి. సెవెన్‌లో అవి సరిగ్గా రావు, గుణింతాలు విడిపోతాయి. ఇప్పటి ఫొటోషాప్‌లో అయితే తెలుగు, ఉర్దూ రెండూ నేరుగా రాయొచ్చు.

సెవెన్ డిస్కు లేనివాళ్లు

మీకు కావలసింది ఫొటో చూడడం, ప్రింటు తీయడం మాత్రమే అయితే ఇంత తంటా అక్కర్లేదు. ఇర్ఫాన్‌వ్యూ ఉచితం, పీఎస్‌డీని ఒకే బొమ్మగా చూపిస్తుంది. లేయర్లతో తెరవాలంటే గింప్ ఉంది, అదీ ఉచితమే, 2025 మార్చిలో మూడో వెర్షన్ వచ్చింది. బ్రౌజర్‌లోనే నడిచే ఫొటోపీ ఇంకా సులువు, మెనూలు, కీలు దాదాపు ఫొటోషాప్‌లాగే ఉంటాయి. ఫైలు మీ కంప్యూటర్ దాటి బయటకు పోదు, కాబట్టి ఇంటి ఆడవాళ్ల ఫొటోల గురించి ఆ భయం లేదు. కుర్రాళ్లకి నేను ఫొటోపీనే చెబుతాను. మామూకి చెప్పలేదు. యాభై ఎనిమిదేళ్ల వయసులో, గిరాకీ వాకిట్లో నిలబడి ఉండగా, కొత్త పనిముట్టు నేర్చుకోమనడం అన్యాయం.

ఇళ్లలో పికాసా వాడినవాళ్లు చాలామంది ఉంటారు. గూగుల్ దాన్ని 2016లో ఆపేసింది. పికాసాలో మీరు కత్తిరించిన, రంగు సరిచేసిన ఫొటోలు కొత్త కంప్యూటర్‌లో మళ్లీ మొదటిలా కనబడితే ఆశ్చర్యపోకండి. సేవ్ నొక్కేదాకా పికాసా అసలు ఫొటోని ముట్టుకోదు, మార్పులన్నీ అదే ఫోల్డర్‌లో దాగి ఉండే చిన్న ఐఎన్‌ఐ ఫైలులో రాసుకుంటుంది. దాగిన ఫైళ్లతో సహా ఫోల్డర్ మొత్తం కాపీ చేయాలి. పాత కంప్యూటర్ ఇంకా నడుస్తుంటే అందులోనే పికాసా తెరిచి ఎక్స్‌పోర్ట్ చేసుకోవడం ఉత్తమం.

స్కానర్ సంగతి ఒక్క మాట. 32 బిట్ డ్రైవర్ ఉన్న పాత స్కానర్‌ని విండోస్ 11 గుర్తించదు. పారేసే ముందు వ్యూస్కాన్‌తో ఒకసారి ప్రయత్నించండి. వ్యూస్కాన్‌కి డబ్బు కట్టాలి, కానీ తయారీదారు వదిలేసిన మోడళ్లను చాలా వాటిని అది నడుపుతుంది.

పాత కంప్యూటర్‌నే ఉంచుకుంటామంటే ఉంచుకోండి, ఇంటర్నెట్ మాత్రం తీసేయండి. ఎక్స్‌పీకి 2014లోనే, విండోస్ 7కి 2020లో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మామూలు రక్షణ అప్‌డేట్లు ఆగిపోయాయి. పదికి నమోదు చేసుకున్నవాళ్లకు 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు ఉంది. పాత సామాను వాడికి అమ్మేటట్టయితే డిస్కు విప్పి ఇంట్లో పెట్టుకుని మిగతాది అమ్మండి. డిలీట్ చేశాం, ఫార్మాట్ చేశాం అనుకుంటారు. అలా తీసేసిన ఫొటోలను వెనక్కి తెచ్చే ప్రోగ్రాములు ఎవరికైనా దొరుకుతాయి.

ఖాలూ ఫొటో

ఆ షీటు పదహారో ఫైలులో దొరికింది. ఖాలూ బొమ్మ చుట్టూ అంచులు మసకగా కరిగిపోయేలా కోడిగుడ్డు ఆకారంలో డిజైన్ చేసి ఉంది, అప్పటి ఫ్యాషన్. జేపెగ్‌గా తీసి ఇచ్చేద్దాం అన్నాన్నేను. మామూ ఆగమన్నాడు. లేయర్ల పెట్టెలో ఫొటో పక్కన నలుపు తెలుపు చిన్న బొమ్మ ఒకటి ఉంటుంది, దాన్ని మాస్క్ అంటారు. మాస్క్ ఫొటోని కత్తిరించదు, పరదా వేస్తుంది అంతే. నలుపు ఉన్న చోట కనబడదు, కానీ కింద అలాగే ఉంటుంది. ఫ్లాట్ చేసి జేపెగ్ తీస్తే ఆ దాగిన భాగం శాశ్వతంగా పోతుంది. పీఎస్‌డీలో ఉన్నంతకాలం ఉంటుంది.

మామూ షిఫ్ట్ పట్టుకుని ఆ మాస్క్ మీద నొక్కాడు. ఎర్ర ఇంటూ గుర్తు పడింది, పరదా లేచింది. ఖాలూ, పెళ్లికొడుకు, వాళ్ల వెనక షామియానా గుంజ. గుంజ పక్కన కుర్చీలో మా నానీ, తెల్ల దుపట్టా తల మీద సర్దుకుంటూ. ఆమె 2009లో పోయారు. ఆల్బమ్‌లో ఆ పేజీని పద్దెనిమిదేళ్లు చూశాం, ఆమె అక్కడ ఉన్నట్టు మాకెవరికీ తెలియదు.

మామూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫైలుని వేరే పేరుతో సేవ్ చేసి, లేయర్లున్న పీఎస్‌డీ ఒకటి, టిఫ్ ఒకటి, రెండు డిస్కుల్లో పెట్టాడు. ఒంగోలు ల్యాబ్‌కి 8 బై 12 సైజులో రెండు ప్రింట్లు ఆర్డర్ ఇచ్చాం, ఒకటి ఖాలాకి, ఒకటి స్టూడియో గోడకి. మిగిలిన నలభై షీట్లలో మాస్కులు ఒక్కొక్కటే తీసి చూసే పని నాకు అప్పగించాడు. రోజుకి నాలుగు చూస్తున్నాను.